వరి ఎప్పుడు ఈనాలో ముందు తేల్చుకోండి

నెల్లూరు జిల్లా విడవలూరు మండలం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"నాన్నకు ఒంట్లో బాగోలేక మా ఐదెకరాల వరి నేనే చూసుకుంటున్నాను. పెన్నా డెల్టా కాలువకు బాగా చివర ఉంటాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు నారుమడి మునిగి కుళ్లిపోయింది. నీళ్లు తీశాక 12వ తేదీ ప్రాంతంలో మళ్లీ అదే సాంబ మసూరి నారు పోశాం. జనవరిలో నాటాం. పైరు చూడ్డానికి చాలా బాగుంది. ఏప్రిల్ మొదట్లో ఈనింది, వెన్నులు బయటికొచ్చాయి. తీరా కోస్తే సగం తాలు, గింజ లేని పొట్టే. ఎకరాకు రెండు పుట్లు కూడా రాలేదు. వచ్చిన వడ్లలో నూక ఎక్కువని ధర కూడా తగ్గించారు. అప్పటి అప్పు ఇంకా తీరలేదు. నీళ్లు చాలకే తాలు పోయిందని, మడిలో ఎప్పుడూ బెత్తెడు నీళ్లు నిలబడాలని మా బాబాయి అంటాడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వరి బాగా పండుతుందని, నీళ్లు కూడా తక్కువ పడతాయని ఒక వీడియోలో చెప్పారు. వేడి పెరిగింది కాబట్టి నీళ్లు ఇంకా ఎక్కువ కావాలని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం? ఈసారి ఏ రకం, ఎప్పుడు వేయాలి? నీళ్లు ఎలా పెట్టాలి? ఎడగారు (రబీ కోత తర్వాత ఎండల్లో వేసే వరి) కూడా వేయమంటారా? మా బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. రబీ దగ్గర పడుతుంటే ఒకటే టెన్షన్‌గా ఉంది."

అమ్మా,

మీరు తేదీలు రాయడం చాలా మంచిదైంది. వాటిని బట్టి మీ పంటకు ఏం జరిగిందో చాలావరకు చెప్పవచ్చు. మీరు నీళ్లు తక్కువ పెట్టలేదు. మీ వరి ఈనకూడని రోజుల్లో ఈనింది.

వరి వెన్నులో ఒక్కో పువ్వు ఒక్కసారే విచ్చుకుంటుంది. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు మధ్య విచ్చుకుని, గంట, గంటన్నరలో మూసుకుంటుంది. ఆ కాస్త సమయంలోనే దాని పుప్పొడి దాని కీలాగ్రం మీదే రాలాలి. అప్పుడు వెన్ను దగ్గర వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి తిత్తులు సరిగా పగలవు, రాలిన పుప్పొడి సరిగా మొలవదు. ఒక గంట వేడి చాలు. ఆ పువ్వు ఇక గింజ కాదు, పొట్టుగానే మిగిలిపోతుంది. ఆ తర్వాత మీరు ఎంత యూరియా చల్లినా, ఏ మందు కొట్టినా, ఎన్ని నీళ్లు పెట్టినా అది నిండదు. పైరు పచ్చగా ఏపుగా ఉండి కూడా తాలు పోవడానికి కారణం ఇదే. ఆకులకు, పిలకలకు ఏమీ కాలేదు. దెబ్బ పూతకు తగిలింది.

మన నెల్లూరు వైపు పగటి వేడి జనవరిలో సుమారు 30 డిగ్రీలు, ఫిబ్రవరిలో 32 ఉంటుంది. మార్చి నెలాఖరుకు 35 దాటుతుంది. ఏప్రిల్‌లో 37, 38. మధ్యాహ్నానికి 38కి చేరే రోజున పదకొండు గంటలకే 35 వచ్చేస్తుంది. సముద్రపు గాలి వీచాక మనకు కాస్త హాయిగా ఉంటుంది కానీ, అది సాధారణంగా పొద్దెక్కాకే తిరుగుతుంది. అప్పటికి వరి పువ్వు పని అయిపోయి ఉంటుంది.

తీరం పక్కన ఉన్నవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. మొక్క తన నీటిని ఆవిరి చేసుకుంటూ వెన్నును చల్లబరుచుకుంటుంది. గాలి పొడిగా ఉంటే ఆ చల్లదనం బాగా దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో రివరీనా అనే ప్రాంతంలో 40 డిగ్రీల ఎండలో కూడా వరికి గింజ కడుతుంది, ఎందుకంటే అక్కడి గాలి బాగా పొడి. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు గాలిలో తేమ ఎక్కువ. ఒళ్లంతా చెమట పట్టి ఆరని రోజున మనకు ఎంత ఉక్కగా ఉంటుందో వెన్నుకూ అంతే. అందుకే థర్మామీటరులో అదే అంకె కనిపించినా లోపలి మెట్ట మండలాల కంటే మీ దగ్గర పూతకు ప్రమాదం ఎక్కువ.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఏ వరి రకమైనా ఈనిన తర్వాత కోతకు దాదాపు 30 రోజులు పడుతుంది. రకాల మధ్య తేడా అంతా ఈనడానికి ముందు రోజుల్లోనే. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 145 నుంచి 150 రోజుల పంట. 115 నుంచి 120 రోజులకు ఈనుతుంది. మీరు డిసెంబరు 12న పోసిన నారుకు ఆ రోజులు కలపండి, ఏప్రిల్ మొదటి పది రోజుల్లో పడుతుంది. మీ ఉత్తరంలో ఉన్నదీ అదే. తుఫాను మీ నారును ఒకసారి తీసుకుపోయింది. తర్వాత అదే పొడవాటి రకాన్ని మళ్లీ పోయడం వల్ల రెండో దెబ్బ తగిలింది. ఆ రోజుల్లో ఎవరికైనా చేతిలో ఉన్న విత్తనమే దిక్కు. నిన్ను నువ్వు తిట్టుకోవద్దు తల్లీ. ఆ డిసెంబరులో మీ జిల్లాలో ఎందరో రైతులు అదే పని చేశారు. దగ్గరుండి ఈ లెక్క చెప్పేవాళ్లు వాళ్లకు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. నారు ఎప్పుడు పోయాలి అని మొదలుపెట్టకండి. ఎప్పుడు ఈనాలి అని మొదలుపెట్టండి. మన దగ్గర జనవరి చివరి నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా ఈనితే భయం తక్కువ. మార్చి మొదటి వారం వరకూ పరవాలేదు. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 125 రోజుల రకం 95 రోజులకు ఈనుతుంది. విశాఖ కార్తె వెళ్లి అనూరాధ వచ్చే రోజుల్లో, అంటే నవంబరు 20న నారు పోస్తే ఫిబ్రవరి 23 ప్రాంతంలో ఈనుతుంది. అదే రోజు సాంబ మసూరి పోస్తే ఈనేది మార్చి 20కి. సాంబ మసూరే కావాలంటే అక్టోబరు మొదటి పక్షంలోనే నారు పోయాలి. అప్పుడు నారుమడి, నాట్లు రెండూ ఈశాన్య రుతుపవనాల నడిమధ్యన పడతాయి. కాలువ చివర, పల్లంలో ఉన్న మీ పొలానికి అది నేను సిఫారసు చేయను.

మీకు నేను చెప్పే రకం నెల్లూరు మసూరి, ఎన్ఎల్ఆర్ 34449. మన నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చినదే. 120 నుంచి 125 రోజులు, సన్న గింజ, అగ్గితెగులును తట్టుకుంటుంది. డిసెంబరు, జనవరి మంచుకు అగ్గితెగులు ఎక్కువగా వచ్చే మన నేలకు ఆ గుణం చాలా అవసరం. మునకను తట్టుకునే స్వర్ణ సబ్-1 గురించి కూడా కొందరు అడుగుతుంటారు. అది రెండు వారాల వరకు మునకకు ఓర్చుకునే మాట నిజమే కానీ, దాని కాలం ఎక్కువ. రబీలో మన సమస్యకు అది సరిపోదు.

ఇక తుఫాను సంగతి. నవంబరు 20న పోసిన నారు డిసెంబరు మొదటి వారానికి రెండు వారాల పసి నారు. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అంతకు ముందు ఏడాది మాండూస్ డిసెంబరు 9 రాత్రి తమిళనాడు తీరం దాటినా మన వైపూ వాన కుమ్మరించింది. 2021 నవంబరు వరదల్లో పెన్నా పొలాల్లో ఇసుక మేటలు వేసిపోయింది. ఫలానా తుఫాను వాతావరణ మార్పు వల్లే వచ్చిందని ఎవరూ వేలు పెట్టి చూపలేరు. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. మోసినదంతా ఒకేచోట, ఒకే రోజున దించే అవకాశం పెరుగుతుంది. ఏడాది మొత్తం వాన పెద్దగా మారకపోయినా, అది కురిసే రోజులు తగ్గి, కురిసిన రోజున మడి తెగిపోయేలా కురవడం మన రైతులు కళ్లారా చూస్తున్నదే. ఈశాన్య రుతుపవనాల మీదే బతికే మన జిల్లాకు ఇది పెద్ద మార్పు.

కాబట్టి నారు పోతుందనే అనుకుని సిద్ధంగా ఉండండి. నారుమడిని మీ పొలంలో కాకుండా ఊళ్లో మెరక మీద, మురుగు దిగే చోట పోయండి. నలుగురు కలిసి ఒకేచోట పోసుకుంటే కాపలా, నీళ్లు తోడటం తేలిక. నారుకు వాడినంత విత్తనం ఇంట్లో విడిగా దాచి ఉంచండి. ఒకవేళ నారు పోతే మళ్లీ నారు పోయకండి. దమ్ము చేసిన మడిలో మండె కట్టిన, అంటే మొలక వచ్చిన విత్తనాన్ని నేరుగా వెదజల్లండి, లేదా వరుసల్లో విత్తే డ్రమ్ సీడరుతో వేయండి. పీకి నాటడం ఉండదు కాబట్టి పంట వారం, పది రోజులు ముందుకు జరుగుతుంది. డిసెంబరు 12న 120 రోజుల రకాన్ని ఇలా వేస్తే మార్చి మొదటి వారంలో ఈనుతుంది. ఆ ఏడాది మీ పంట ఏప్రిల్ మొదట్లో ఈనింది. తేడా నెల రోజులు. వెదలో కలుపు ఎక్కువ వస్తుంది. కలుపు మందు ఎప్పుడు, ఎంత వాడాలో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ముందే అడిగి పెట్టుకోండి.

డిసెంబరు 20 కూడా దాటిపోతే ఇక వరి వద్దు. మినుమో పెసరో వేయండి. వరి పొలంలో వరి వేయకపోవడం మనసుకు ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ దమ్ము, ఎరువు, కూలి అన్నీ పెట్టి తాలు కోసుకోవడం ఇంకా కష్టం.

నూక గురించి రాశారు కదా, దానికి పగటి ఎండ కంటే రాత్రి వేడిది ఎక్కువ పాత్ర. పగలు ఆకు తయారు చేసుకున్న పిండిలో కొంత రాత్రి ఊపిరికే ఖర్చవుతుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఖర్చు అంత ఎక్కువ. పైగా గింజ తొందరగా పండిపోతుంది, లోపల పిండి గట్టిగా పేరుకునే వ్యవధి ఉండదు. గింజ మధ్యలో తెల్లటి సున్నం మచ్చ కనిపిస్తుందే, అక్కడ పిండి వదులుగా ఉంటుంది. మరపట్టగానే అక్కడే విరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో 1979 నుంచి 2003 వరకు లెక్కలు చూసింది. అక్కడ రాత్రి వేడి 1.13 డిగ్రీలు పెరిగింది, పగటి వేడి అందులో మూడో వంతే పెరిగింది. ఎండకారు పంటలో రాత్రి వేడి ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గిందని 2004లో ప్రకటించారు. మన దేశంలో సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 మధ్య 0.7 డిగ్రీలు పెరిగింది. చిన్న అంకెలా కనిపిస్తుంది. ఈనిక, పాలు పోసుకునే దశల్లో ఉన్న వరికి అది చిన్నది కాదు. దీనికి కూడా మందు ముందు చెప్పిన తేదీయే. గింజ ఫిబ్రవరి రాత్రుల్లో పాలు పోసుకుంటే నూక తగ్గుతుంది.

ఇక వీడియోలో చెప్పిన మాట. అది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే నమ్మబుద్ధి అవుతుంది. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. మొక్కకు అది ఆహారమే. జపాన్, చైనాల్లో ఆరుబయట పొలాల్లోనే గొట్టాలతో ఆ వాయువును ఎక్కువ చేసి చూస్తే వరి దిగుబడి పెరిగింది కూడా. ఆకు రంధ్రాలు కాస్త మూసుకుంటాయి కాబట్టి నీటి ఖర్చు కొంత తగ్గడమూ నిజమే. కానీ ఆకు రంధ్రాలు మూసుకుంటే చల్లదనం కూడా తగ్గుతుంది, వెన్ను ఇంకా వేడెక్కుతుంది. పూత మాడిపోయాక ఆకు ఎంత పిండి తయారు చేస్తే ఏం, నింపడానికి గింజ ఉండాలి కదా. ఆ బియ్యంలో బలం కూడా తగ్గుతుంది. 2018లో వెలువడిన పరిశోధనలో 18 రకాలను చూస్తే మాంసకృత్తులు సుమారు 10 శాతం, ఇనుము 8 శాతం, జింకు 5 శాతం తగ్గాయి. మూడు పూటలా అన్నమే తినే ఇళ్లలో పిల్లలకు, బాలింతలకు ఇది చేసే నష్టం గురించి ఆ వీడియోల్లో ఎవరూ మాట్లాడరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నీళ్లు ఎక్కువ కావాలా అన్నది మీ అసలు ప్రశ్న. ఇక్కడ బాబాయి గారి మాటను తీసిపారేయకండి. ఆయన చెప్పేది మూడు సమయాల్లో అక్షరాలా నిజం. మిగతా సమయాల్లో అవసరం లేదు.

మడిలో నీళ్లు రెండు దారుల్లో పోతాయి. ఒకటి ఆకుల నుంచి, నీటి పైనుంచి ఆవిరిగా. వరికి ఇది వానకాలంలో రోజుకు 4, 5 మిల్లీమీటర్లు, ఎండల్లో 6, 7 మిల్లీమీటర్లు. ఎకరాలో ఒక మిల్లీమీటరు అంటే 4,047 లీటర్లు, కాబట్టి రోజుకు 16 వేల నుంచి 28 వేల లీటర్లు. వేడి పెరిగితే పెరిగేది ఈ ఖర్చు. అయితే వేడికి పంట కాలం కూడా కొంచెం కుదించుకుపోతుంది, రోజులు తగ్గుతాయి. రెండూ కలిపి చూస్తే పంట మొత్తానికి ఆవిరి ఖర్చు మనం భయపడినంతగా పెరగదు. రెండో దారి నేలలోకి ఇంకడం, గట్ల కింద ఊరిపోవడం. బరువైన నల్లరేగడిలో ఇది రోజుకు 1 నుంచి 5 మిల్లీమీటర్లు. ఇసుక నేలల్లో 25, 30 కూడా దాటుతుంది. మడిలో నీళ్లు ఎంత ఎత్తున నిలిపితే ఇంకుడు అంత ఎక్కువ. అంటే చాలా పొలాల్లో వాతావరణం అదనంగా తాగేదాని కన్నా, మనం లోతుగా నిలిపి నేలకు తాగించేదే ఎక్కువ.

బెత్తెడు నీళ్లంటే దాదాపు 8 సెంటీమీటర్లు. ఎకరాలో అది 3 లక్షల 20 వేల లీటర్లకు పైమాటే. పంట మొత్తానికి 1,200 మిల్లీమీటర్లు పెడితే ఒక టీఎంసీ నీరు 5,800 ఎకరాలకు సరిపోతుంది. 900తో సరిపెడితే 7,700 ఎకరాలకు వస్తుంది. పెన్నా మీది సోమశిల జలాశయంలో నిండా 78 టీఎంసీలు పడతాయి. పైనున్నవాళ్లు కాస్త తగ్గించుకుంటే మిగిలే ఆ ఎకరాలు ఎవరివి? మీలా కాలువ చివర ఉన్నవాళ్లవి. ఐఏబీ (సాగునీటి సలహా మండలి) సమావేశంలో ఎన్ని ఎకరాలకు నీళ్లని తీర్మానించినా, తలకాలువ దగ్గర మడులు చెరువుల్లా నిండి ఉంటే చివరికి చేరేది తడి మట్టుకే. ఈ మాట మీరు ఒక్కరే అంటే ఎవరూ వినరు. మీ నీటి సంఘంలో, మీ కాలువ మీద ఉన్న రైతులందరూ కలిసి అడగండి.

మీ మడిలో ఇలా చేయండి. అడుగు పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క తీసుకోండి. కింది 20 సెంటీమీటర్లకు చుట్టూ రంధ్రాలు వేయండి. పై 10 సెంటీమీటర్లు బయట ఉండేలా మడిలో గట్టుకు దగ్గర్లో పాతి, లోపలి మట్టి తీసేయండి. ఇప్పుడు నేల కింద నీళ్లు ఎంత లోతున ఉన్నాయో గొట్టంలోకి చూస్తే కనిపిస్తుంది. నాటిన మొదటి రెండు వారాలు పలచగా నీళ్లు నిలవనివ్వండి, కలుపు అణుగుతుంది. ఆ తర్వాత నీళ్లు ఆరిపోయినా తొందరపడకండి. గొట్టంలో నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక 5 సెంటీమీటర్లు పెట్టండి. మొదటి ఏడాది భయం ఉంటే 10 సెంటీమీటర్లకే పెట్టుకోండి. పైన మట్టి నెర్రెలు విచ్చడం మొదలైనట్టు కనిపించినా వేళ్ల దగ్గర నీళ్లుంటాయి. ఇలా చేస్తే దిగుబడి తగ్గకుండా 15 నుంచి 30 శాతం నీళ్లు మిగులుతాయి. నీళ్లు నిలవని రోజుల్లో మురిగిన బురద నుంచి వచ్చే మీథేన్ వాయువు కూడా బాగా తగ్గుతుంది. దోమపోటు బెడద కూడా తగ్గుతుంది.

బాబాయి గారు గెలిచే చోట్లు ఇవి. నాటిన తొలి రోజులు ఒకటి. యూరియా వేసి వెంటనే నీళ్లు పెట్టాల్సిన రోజులు రెండోది. అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది, ఈనడానికి వారం ముందు నుంచి ఈనిన వారం తర్వాత దాకా. ఆ రెండు వారాలూ మడిలో 5 సెంటీమీటర్ల నీళ్లు తగ్గనివ్వకండి. వెన్ను తన్ను తాను చల్లబరుచుకోవాలంటే వేరుకు నీళ్లు పుష్కలంగా అందాలి. అప్పుడు ఒక్క తడి తప్పినా తాలు పెరుగుతుంది. అంతకు ముందు మిగుల్చుకున్న నీళ్లు ఇక్కడ ఖర్చు పెట్టండి.

మీకు కాలువ నీళ్లు వంతులవారీగా వస్తాయి కాబట్టి గొట్టం చెప్పిన రోజున నీళ్లు దొరకకపోవచ్చు. అయినా గొట్టం పనికొస్తుంది. వచ్చే వంతు దాకా పైరు ఆగగలదా, లేక బోరు నీళ్లు పెట్టాలా అన్నది అది చెబుతుంది. వంతు రోజున మడి నింపుకునేటప్పుడు ఎంత చాలో కూడా తెలుస్తుంది.

అయితే మీ పొలంలో ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక పని తప్పనిసరి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయన్నారు. ఉప్పు నేలను ఆరబెడితే కింది ఉప్పు పైకి వచ్చి వేళ్ల దగ్గర చేరుతుంది. అలాంటి మడిలో తడిపి ఆరబెట్టే పద్ధతి మేలు చేయదు, కీడు చేస్తుంది. వరి లేత నారుగా ఉన్నప్పుడు, పూత మీద ఉన్నప్పుడు ఉప్పును అసలు ఓర్చుకోలేదు. మట్టి, బోరు నీళ్లు రెండూ వేరువేరుగా పరీక్ష చేయించండి. రిపోర్టులో ఈసీ అనే అంకె చూడండి, ఉప్పు ఎంత ఉందో చెప్పేది అదే. మట్టిలో అది 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఏ మడిలో ఎక్కువ వస్తే ఆ మడిలో పలచగా నీళ్లు నిలిపే ఉంచండి, కాలువ నీళ్లు వచ్చినప్పుడు ఒకసారి నింపి మురుగులోకి వదిలి కడగండి. మిగతా మడుల్లో గొట్టం పెట్టండి. ఐదెకరాలూ ఒకే రకంగా ఉండవు.

ఎడగారు సంగతి సూటిగా చెబుతాను. ఈ ఏడాది మీరు వేయకండి. సోమశిలలో నీళ్లుండి ఐఏబీలో మీ కాలువకు ఎడగారుకు కేటాయిస్తే, 105 రోజుల ఏడీటీ 37 లాంటిది వేసేవాళ్లు వేస్తారు, నేను తప్పనను. కానీ అది రోజుకు 6, 7 మిల్లీమీటర్లు ఆవిరయ్యే కాలం. చివరి ఆయకట్టులో కాలువ నీళ్లు ఆగిపోతే మీరు పరుగెత్తేది ఆ ఉప్పు బోరు దగ్గరికే. తీరం పక్కన ఎండాకాలమంతా బోరు తోడితే సముద్రపు ఉప్పు లోపలికి జరుగుతుంది, ఇప్పుడు కాస్త ఉప్పగా ఉన్నవి రేపు నోట పెట్టలేనివి అవుతాయి. దాని బదులు మార్చిలో కోత అయ్యాక, మట్టి పరీక్షలో ఉప్పు తక్కువ వచ్చిన మడుల్లో పెసరో నువ్వులో వేయండి. రెండు మూడు తడులతో అయిపోతుంది. లేదా తొలకరికి జీలుగ చల్లి దున్నేయండి. ఉప్పును ఓర్చుకునే పచ్చిరొట్ట అది, మీ నేలకు బాగా సరిపోతుంది.

బాబాయి గారితో వాదనకు దిగకండి. ఐదెకరాల్లో ఉప్పు లేని ఒక మడి ఎంచుకుని గొట్టం పాతించండి. పొద్దున్నే ఆయన్నే వెళ్లి చూసి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో పుస్తకంలో రాయమనండి. పక్క మడిలో ఆయన చెప్పినట్టే బెత్తెడు నీళ్లు పెట్టండి. రెండు మడుల వడ్లూ విడిగా తూకం వేయించండి.

అప్పు గురించి కూడా ఒక మాట. బ్యాంకు అప్పు అయితే, తుఫాను నష్టాల జాబితాలో మీ పేరు ఉందో లేదో చూసుకుని, వాయిదా మార్పు కోసం దరఖాస్తు పెట్టవచ్చేమో బ్యాంకులో అడగండి. పొలం మీ నాన్నగారి పేరు మీద ఉంటే ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) సాగుదారుగా మీ పేరు నమోదు చేయించుకోండి. నాట్లు పడిన వెంటనే చేయించాలి. నారు పోయడానికి ముందే రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఆ పని, మట్టి పరీక్ష నమూనా, నెల్లూరు మసూరి విత్తనం, మూడూ ఒకేసారి మాట్లాడి రండి. పరీక్ష రిపోర్టు వచ్చాక ఆ అంకెలు నాకు రాసి పంపండి. ఏ మడిలో ఏం చేయాలో మడివారీగా చెబుతాను.